తట్ట ఎత్తమన్న తల్లి: నారాయణగూడ గల్లీలో ఒక బొమ్మ ముందు

మీ అమ్మ మొహం మీకు తెలుసా? ఫోను తీయకండి. గోడమీది ఫోటో వైపు చూడకండి. కళ్ళు మూసుకుని చెప్పండి: ఆమె నవ్వితే పెదవి ఏ పక్కకు వంగుతుంది? కోపమొస్తే ఏ కనుబొమ్మ ముందు లేస్తుంది? తడుముకుంటున్నారు కదా. నాకు తడుముకోవడానికి కూడా ఏమీ లేదు. మా అమ్మ చెన్నమ్మ లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలో జ్వరంతో పోయేనాటికి నాకు రెండేళ్ళు నిండలేదు. ఆమెకు ఒక్క ఫోటో లేదు. పాలమూరు నుంచి పట్నం పోయి ఇటుకలు మోసిన మనుషులకు ఆ రోజుల్లో ఫోటో ఎక్కడిది? నన్ను ఊరికి తెచ్చి పెంచింది ఆమె అక్క బాలమ్మ, మా పెద్దమ్మ. అమ్మ ఎట్లుండేది అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "మనిషి లెక్క ఉండె."

నేను మహబూబ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఆదివారం వాక్యం చెబుతాను. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కినవాణ్ణి కాదు, చేతిలో బైబిలు గ్రంథం, నోట్లో గొంతు, అంతే నా ఆస్తి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం కింద కూర్చుని భోంచేస్తున్నాం. పళ్ళెం కింద పరుచుకోవడానికి పేపరు ఇస్తే పెద్దమ్మ దానిమీద పళ్ళెం పెట్టలేదు. ముక్కుకు దగ్గరగా పట్టుకుని చూస్తోంది. అందులో కాలం చేసిన ఒక తెలంగాణ చిత్రకారుడి గురించి వ్యాసం, పక్కన అగ్గిపెట్టెంత బొమ్మ. సగం లేచిన గోడ, వెదురు పరంజా, తట్టలెత్తిన ఆడవాళ్ళు. "కొడుకా, గీ గోడ మేం కట్టినదేరా. చిక్కడపల్లిల. అప్పట్ల ఎదురు మేడమీద కిరాయికి ఉండెటాయన మమ్ముల గీసిండు. మీ అమ్మ గిండ్ల ఉన్నది." ఎక్కడ పెద్దమ్మా అని గుంజుకున్నాను. అచ్చులో మొహాలన్నీ మసి. వ్యాసం చివర ఒక వాక్యం: నారాయణగూడలో ఆయన ఇంట్లోనే ఉన్న ఈ చిత్రాలు ఈ నెలాఖరుకు వేరే నగరంలోని పెద్ద మ్యూజియానికి తరలిపోతున్నాయి.

మా సంఘంలో ఒక పెద్దమనిషి అడ్డం పడ్డాడు. "బొమ్మలు వద్దని మాకు చెప్పేటోనివి, నువ్వే బొమ్మ కాడికి పోతవా?" మొక్కడానికి పోవడం లేదయ్యా అన్నాను. గ్రంథంలో ఎండిన నదిలో నడిచి దాటిన జనం ఒడ్డున పన్నెండు రాళ్ళు ఎందుకు నిలబెట్టారు? రేపు పిల్లలు ఇవేంటని అడిగితే చెప్పడానికి. రాయికి మొక్కలేదు వాళ్ళు, రాయి దగ్గర నిలబడి కథ చెప్పుకున్నారు. నా రాయి నారాయణగూడలో ఉందట, పోయొస్తాను.

మీరు కూడా మా వైపు నుంచి పోయేటట్టయితే తెల్లవారుజామున రైలే మంచిది. రెండున్నర గంటల్లో కాచిగూడ. బస్సుకంటే చవక, పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకోవచ్చు. పెద్దమ్మ దారంతా కిటికీ వదల్లేదు. కాచిగూడ స్టేషను బయట ఆటో అతను నూటయాభై అన్నాడు, పెద్దమ్మను చూసి వందకు దిగాడు. మ్యూజియం అనగానే అతనికి నవ్వొచ్చింది.

"నారాయణగూడల మ్యూజియం ఏందన్నా? ఇర్వై ఏండ్ల సంది తిరుగుతున్న, టిఫిన్ సెంటర్లు తప్ప నాకేం కనవడలే."

"ఇంట్లో ఉందట అన్నా. బొమ్మలు."

"ఎవరి బొమ్మలు?"

వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది. "నాయి."

బర్కత్‌పుర చమన్ దాటేదాకా అతను ఆటో అద్దంలో ఆమెనే చూసుకుంటూ నడిపాడు. దిగేటప్పుడు, "అమ్మా, మీరు సినిమాల చేసిండ్రా?" అని అడిగాడు. "సిమెంటుల చేసిన బిడ్డా" అంది ఆమె.

ఆ ఇల్లు పదకొండింటికి గానీ తెరవరు. ముందే చేరితే పరేషాన్ కాకండి, మూలమీద ఇడ్లీ బండి ఉంది, చట్నీలో పల్లీలకు కక్కుర్తి పడడు. ఇల్లు పాత రెండంతస్తుల మేడ. టికెట్టు లేదు, వరండాలో చెప్పులు విప్పాలి. చూపించేది ఆ చిత్రకారుడి కూతురు వసుంధర గారు. నూలుచీర, నెరిసిన జడ, ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చే మర్యాద. వచ్చిన పని ఆమెకు చెప్పలేదు. మొహమాటం, అంతే. పెద్దమ్మకు మోకాళ్ళు సహకరించవు, మెట్ల దగ్గర కూర్చుని "నువ్వు నడువు, జర ఊపిరి పీల్చుకోని వస్త" అంది. నేను పైకి పోయాను.

చదువరీ, నేను ఆ గదిలో కాలు పెట్టినప్పుడు నాకు బొమ్మల గురించి తెలిసింది సున్నా. అయినా చెబుతున్నాను, ఆ పనితనం ముందు నా గొంతు తగ్గింది. గ్రంథంలో ఆత్మతో నిండినవాడని పిలిపించుకున్నవాళ్ళలో ఒకడు చేతిపనివాడు. కొలిమి, ఉలి, దారం, రంగు తెలిసినవాడు. అది ఎన్నోసార్లు చదివాను, ఆ గదిలో నమ్మాను. కల్లుగీత కార్మికుడి నడుముకు మోకు, గంగిరెద్దులాయన సన్నాయి, సంతలో బేరమాడే ముసలమ్మ. నల్లటి మందపు గీత, లోపల మా చెలక మట్టి రంగు. పొలం గట్టుమీద ఆ ఎరుపు రోజూ తొక్కేవాణ్ణి, అది అంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మా మనుషులను ఇంత పెద్దగా, ఇంత తీరుబడిగా ఎవరైనా చూస్తారని నేననుకోలేదు. జాలి లేదు ఆ గీతలో. గౌరవం ఉంది.

చివరి గోడంతా ఆ బొమ్మే. సగం లేచిన గోడ, పరంజా, వెనక తలమీద తట్టలతో ఆడవాళ్ళ వరుస. ముందు మాత్రం ఇద్దరు, నిలువెత్తున. ఎడమ పక్క ఒకామె ఇటుకల నీడలో కూర్చుంది, ఒళ్ళో చంటిపిల్లవాడు, వాడి నోటికి వేలితో గంజి నాకిస్తోంది. నుదుట రూపాయంత బొట్టు, ముంజేతిమీద తేలు ఆకారంలో పచ్చబొట్టు, వంచిన మొహంలో చెప్పలేనంత నెమ్మది. కుడిపక్క ఇంకొకామె నిలబడింది. తట్ట నడుముకు ఆనించి, నోరు పూర్తిగా తెరిచి అరుస్తోంది, కుడిచేతి చూపుడువేలు సూటిగా మన మీదికే. ఆమెను చూసి ఎవరీ గయ్యాళి అనుకున్నాను. మేస్త్రి భార్య కావచ్చనుకున్నాను. అంతే, చూపు తిప్పేసుకున్నాను. ఎడమ పక్క ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. ఒళ్ళో బిడ్డ, ఆ వంచిన తల, ఆ చెంప. ఎప్పుడూ చూడని మొహం ఇంత తెలిసినట్టు ఎట్లుంటుంది? రక్తం గుర్తుపడుతుందంటారే, అదే అనుకున్నాను. అమ్మా అన్నాను. కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మోకాళ్ళమీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పాను, నలభై ఏళ్ళ ఆకలి తీర్చినందుకు.

వెనక చీర చప్పుడు. పెద్దమ్మ వచ్చింది, వసుంధర గారి చెయ్యి పట్టుకుని. నన్ను చూసింది, బొమ్మను చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

"ఓరి పిచ్చోడా. గది నేనురా!"

చెయ్యి చాపి తన ముంజేతిని బొమ్మలోని ముంజేతి పక్కన పెట్టింది. వసుంధర గారు కంగారుగా "అమ్మా, ముట్టుకోవద్దు" అన్నారు, అని అక్కడే ఆగిపోయారు. అదే తేలు. ముడతల్లో కొంచెం సాగింది, అంతే. ఇన్నేళ్ళు ఆ చేతి అన్నమే తిన్నాను, ఆ తేలును ఎన్నడూ పట్టి చూడలేదు.

"మరి ఒళ్ళో పిల్లగాడు?"

"నువ్వే. ఆ దినం నాది పిల్లల వంతు."

పట్నంలో పనిచేసిన మా పాలమూరు ఆడవాళ్ళ కట్టుబాటు అది. అందరూ తట్ట ఎత్తితే పిల్లలను చూసేదెవరు? రోజుకొకరు నీడలో కూర్చుని గుంపులోని పిల్లలందరినీ పట్టుకునేవాళ్ళు. ఆమె కూలి తక్కినవాళ్ళు తలా ఇంత వేసి ఇచ్చేవాళ్ళు. ఒళ్ళో ఎవరి బిడ్డ ఉన్నా ఆ పూటకు ఆమే తల్లి. ఒళ్ళో బిడ్డ కనబడితే చాలు తల్లి అనుకునే నాలాంటివాడు ఆ బొమ్మ ముందు బోల్తా పడక ఏం చేస్తాడు?

"అయితే మా అమ్మ?"

పెద్దమ్మ గడ్డం కుడిపక్కకు ఎత్తింది. "గదిగో. ఇంకా ఒర్లుతనే ఉన్నది సూడు."

గ్రంథంలో ప్రభువు సమాధి దగ్గర ఏడ్చిన స్త్రీ, లేచి వచ్చిన ఆయననే ఎదురుగా పెట్టుకుని తోటమాలి అనుకుంది కదా. నేను మా అమ్మను గయ్యాళి అనుకుని పక్కకు తప్పుకున్నాను. మళ్ళీ ఆమె ముందు నిలబడ్డాను. ఈసారి తప్పుకోలేదు. వెడల్పాటి నోరు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, మెడమీద తేలిన నరం. ఎడమ కనుబొమ్మ ముందు లేచింది. ప్రతి ఆదివారం రేకుల షెడ్డులో నేను వేలెత్తి మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళకు కనబడేది ఈ మొహమేనట. పెద్దమ్మ చెప్పింది: "నువ్వు వాక్యం చెప్తుంటే నేను కండ్లు మూసుకుంటగదా, నిద్ర అనుకుంటవు. దాని గొంతు ఇంటున్నరా నేను."

"ఎవరిమీద అరుస్తోంది పెద్దమ్మా? మేస్త్రిమీదా?"

"మేస్త్రి ఏంది! గీసెటాయన మీదనే. మేం ఎండల సస్తుంటే ఆయన మేడమీద గొడుగు పెట్టుకోని కూసుండె. ఇది సూసి సూసి, 'ఓ సారూ, నీడల కూసొని ఏం గీకుతున్నవ్? దిగిరా, ఒక్క తట్ట ఎత్తు, అప్పుడు గీయి!' అన్నది. అందరం భయంతో బీరిపోయినం, పని పోతదని."

వసుంధర గారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. "నాన్న దిగిపోయారు" అన్నారు మెల్లగా. "చెప్పేవారు మాకు. కింది నుంచి ఒకామె తిట్టిందట, దిగిపోయి సాయంత్రం దాకా తట్టలు మోశారట. మూడు రోజులు మెడ తిరగలేదు. అంతకుముందు ఆయన గీసినవన్నీ చెరువులు, కొండలు. ఆమె పేరు అడగలేదే అని చివరిదాకా బాధపడ్డారండీ."

"చెన్నమ్మ" అన్నాను. ఆ పేరు అంత గట్టిగా నేను ఎప్పుడూ పలకలేదు. గది మొత్తం మోగింది. పెద్దమ్మ నవ్వి, "సేమ్ దాని గొంతే" అంది.

అక్కడి నుంచి చిక్కడపల్లికి నడక దూరమే, ఎండ లేకపోతే నడవండి. పెద్దమ్మ కోసం మేం సిటీ బస్సెక్కాం. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే ఉచితం. తను ఎత్తిన గోడ చూడాలని ఆమె ఆశ. పోయి చూస్తే అది లేదు. అదే చోట అద్దాల భవనం, పైన హాస్టలు బోర్డు. పెద్దమ్మ తల పైకెత్తి ఆ అద్దాలను చూసి, "పోతే పోనీ. గీసింది ఉన్నది కదా" అంది. అశోక్ నగర్‌లో ఒక మెస్సులో భోంచేశాం, వందకు కడుపునిండా అన్నం. చుట్టూ పోటీ పరీక్షల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని తినే పిల్లలు, సగంమంది మా జిల్లా యాసే. వడ్డించే అక్క పెద్దమ్మను చూసి "ఎవరిని కలవనీకి వచ్చిన్రు అమ్మా?" అని అడిగింది. "మా చెల్లెను" అంది పెద్దమ్మ, పప్పు కలుపుకుంటూ.

సాయంత్రం రైల్లో పెద్దమ్మ నా భుజంమీద నిద్రపోయింది. నేను గ్రంథం తెరిచి పట్టుకున్నాను, చదవలేదు. ఇద్దరు స్త్రీలు ఒక బిడ్డకోసం కొట్లాడితే రాజు కత్తి తెమ్మన్న సంగతి మీకు తెలుసు. ఎన్నో ఆదివారాలు దానిమీద మాట్లాడాను. నా సంగతిలో ఏ రాజుకీ పని లేదు. ఒకామె ఎండలో నిలబడి అరిచింది, ఒకామె నీడలో నన్ను పట్టుకుంది, ఇద్దరూ ఒకే గోడమీద ఉన్నారు. నేను ఏడ్చిన మొహం అమ్మది కాదని తెలిశాక ఆ ఏడుపు వృథా పోయిందా? పోలేదు. ఆ మొహం నాకు తెలిసినట్టు ఎందుకుందో ఇప్పుడు తెలుసు. అమ్మ ఎట్లుండేదని ఇన్నేళ్ళు ఆమెను సతాయించాను, ఆ అడిగింది ఎవరినో ఒక్కసారి సరిగ్గా చూడలేదు.

పోయేవాళ్ళకు ఒక్క మాట: మధ్యాహ్నం లోపలే చేరండి. పైగదికి వెలుతురు తూర్పు కిటికీ నుంచే, పొద్దు తిరిగితే ఆ గోడమీద మొహాలు మసకబారతాయి. నెలాఖరు దాటితే గోడే ఖాళీ. మీ అమ్మ ఆ బొమ్మలో ఉండకపోవచ్చు. కానీ తెలంగాణలో ఏదో ఒక గోడమీద, ఏదో ఒక చిత్రశాలలో మీ వాళ్ళు పేరు లేకుండా నిలబడి ఉన్నారు, వాళ్ళ పేర్లు తెలిసిన మనిషి మీ ఇంట్లో మంచంమీద కూర్చుని ఉంది. రేపు అనకండి. చెన్నమ్మ వేలు ఇంకా దించలేదు, అది మీ మీదికే చూపిస్తోంది. నీడలోంచి లేవండి. చెప్పులు తొడుక్కోండి. ఆమె చెయ్యి పట్టుకుని ఈ పూటే బయల్దేరండి, దిగి రండి!