ఎవరి బెండు మునిగింది

నా చిన్నప్పుడు నాకు ఎవరి మీదైనా కుళ్ళు పుట్టిందంటే అది మా పక్కింటి పిల్ల మీదే. నా ప్రాణ స్నేహితురాలు కూడా అదే. నాచారంలో ఒకే గోడకు అటు వాళ్ళు, ఇటు మేము. దాని జడ నా జడకన్నా పొడుగు. దానికి తాత ఉన్నాడు, ఆయనకు చెరువులో చేపలు పట్టడమే పని. మా నాన్న ఫ్యాక్టరీకి పోయేవాడు. మా ఇంట్లో వల లేదు, తెప్ప లేదు, తాత అసలే లేడు.

ఒక ఎండాకాలం పొద్దున ఆ తాత మా ఇద్దరికీ చెరొక గాలం కట్టి ఇచ్చాడు. వెదురు కర్ర, దారం, కొసన కొక్కెం, నీళ్ల మీద తేలడానికి ఒక జొన్న బెండు. బెండు మునిగితే చేప ఎర అందుకున్నట్టు. అప్పుడే లాగాలి.

"పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి ఎవ్వలు ఎక్కువ పడ్తె వాళ్లను తెప్ప మీద నడి చెరువుకు తీస్కపోత. మీరిద్దరెక్కితె మునుగుతది, ముందే చెప్తున్న" అన్నాడు.

నడి చెరువు నుంచి చూస్తే మా ఊరు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో ఆశ. నా స్నేహితురాలు తెప్ప ఎన్నోసార్లు ఎక్కింది. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

గాలం వేసీ వేయగానే దానికి వేలెడంత పరక చేప పడింది. కాసేపటికి రెండోది. నా కొక్కెం మాత్రం ఎర పోగొట్టుకుని ప్రతిసారీ బోసిగా పైకి వచ్చేది.

"నీ జాగ మంచిగున్నది. నాకియ్యి" అన్నాను. లేచి ఇచ్చింది. నా పాత చోట కూర్చుని ఇంకొకటి పట్టింది.

"నీ గాలం మంచిది. అదియ్యి."

"తీస్కోవే. మల్ల నా లంగ గూడ గావాల్నా?" అని పకపకా నవ్వింది.

దాని గాలంతో నాకు పడలేదు. నా గాలంతో దానికి పడింది. అది నవ్వుతూ ఇచ్చినందుకే నాకు మరింత మండింది. ఇవ్వనంటే నాలుగు తిట్టేదాన్ని, కడుపు చల్లబడేది.

గట్టు మీద వల కుట్టుకుంటున్న తాత లేచి నా పక్కన కూర్చున్నాడు. "నీ బెండు ఎన్నిసార్లు మునిగింది బిడ్డా?" అని అడిగాడు. నాకు తెలియలేదు.

"మరి దానిది?"

"ఏడుసార్లు. ఐదోది జారిపోయింది. ఆరోది అన్నిట్ల పెద్దది" అని గడగడా చెప్పేశాను.

తాతకు నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. "ఓసి పిల్లా! దాని చాపలకు నువ్వు కావలిగాస్తున్నవు. ఈడ నీ ఎరతోని చాపలు దావత్ జేసుకుంటున్నయ్."

నా భుజాలు పట్టుకుని, స్నేహితురాలి వైపు నా వీపు ఉండేలా నన్ను తిప్పి కూర్చోబెట్టాడు. కొక్కేనికి కొత్త వానపామును గుచ్చాడు. ఇక నా కళ్ళ ముందు నా బెండు ఒక్కటే. వీపు మీద చీమలు పాకినట్టు ఉంది. వెనక నుంచి నవ్వు వినిపిస్తే బాధ, వినిపించకపోతే అంతకన్నా బాధ. మాట కూడా రానంత పెద్ద చేప పడి ఉంటుందనుకున్నాను. మెడ రెండుసార్లు సగం దాకా తిరిగింది, మళ్ళీ వెనక్కి తెచ్చుకున్నాను.

బెండు వణికింది. ఆగింది. బుడుంగున మునిగింది. లాగాను.

"పడ్డదే!" అన్న కేక నా వెనక నుంచి వచ్చింది. తిరిగి చూస్తే నా స్నేహితురాలు పిడికిళ్ళు బిగించి రెండు అడుగుల దూరంలో నిలబడి ఉంది. దాని గాలం గట్టు మీద పడి ఉంది, ఎర ఎండకు ఎండిపోయింది. ఎంతసేపటి నుంచి అలా నా బెండునే చూస్తోందో.

దానికి ఆరు, నాకు ఒకటి. తాత మాట తప్పలేదు, తెప్ప మీద దాన్నే తీసుకుపోయాడు. అబద్ధం ఎందుకు, గట్టు మీద నిలబడ్డ నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. కానీ అది నడి చెరువు నుంచి చెయ్యి ఊపితే నేనూ ఊపాను.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఉప్పల్‌లో మా గల్లీ ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ చదువు చెబుతుంది. నా పక్కన కూర్చునే ఆమెను వదినా అని పిలుస్తాను, కోస్తా నుంచి వచ్చింది, కొడుకుకు పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం. ఆమె నాకన్నా ముందే తన పేరు తప్పు లేకుండా రాసింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కుళ్ళు పోలేదు. ఇక పోతుందని కూడా అనుకోను. అది వచ్చినప్పుడల్లా ముందు నా పలక వైపు తిరుగుతాను. నా అక్షరం పూర్తయ్యాకే ఆమె పలక చూస్తాను. మొన్న ఆమె 'క్ష' దగ్గర ఆగిపోయింది. బలపం పలక మీద ఆనించి అలాగే ఉండిపోయింది. ఆమె చెయ్యి కదిలి, ఆ వంపు తిరిగి, అక్షరం పూర్తయ్యేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.