నలుసంత గోధుమ

పిండిమర నడిపేవాడికి నల్లచొక్కాలు ఎందుకు చెప్పండి! అయినా ఆయనకు అవే కావాలి. పొద్దున్నే నల్లగా వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తెల్లగా వచ్చేవాడు. కనుబొమ్మల మీదా మీసం మీదా పిండి, చొక్కా జేబులో పిడికెడు పిండి. వీధి పిల్లలు ఆయనకు పిండితాత అని పేరు పెట్టేనాటికి కూతురికి ఇంకా పాలపళ్లే ఊడలేదు. "మనవలు పుట్టకుండానే తాతనైపోయాను, నా అదృష్టం చూడండి!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనిమంతుడు. నోరు మాత్రం పెద్దది. చిన్నప్పుడు అదే మరలో బస్తాలు మోసే కూలీగా చేరి, ముసలి యజమాని కళ్లు మూశాక దానికి తనే యజమాని అయ్యాడు. పిండిని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి "ఇవి పాత గోధుమలమ్మా, ఎవరో మీకు అంటగట్టారు" అనేవాడు. ఇంట్లోనే మిక్సీలో వేసుకుంటామన్నవాళ్లతో "వేసుకోండి, పళ్లలో ఇసుక తగిలినప్పుడు నేను గుర్తొస్తాను" అనేవాడు. తన మర పిండి అంటే ఆయనకు కన్నబిడ్డ. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఆ రోజు ఇంట్లో అన్నం సయించేది కాదు.

అల్లుడు లారీ మీద వారాల తరబడి తిరుగుతుంటాడు కాబట్టి కూతురూ మనవరాలూ ఈయన ఇంట్లోనే ఉండేవారు. కూతురు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె వచ్చేసరికి పొద్దుగూకుతుంది గనక, పిల్ల బడి నుంచి నేరుగా మరకే వచ్చేది. ఖాళీ గోతాల మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసుకునేది. తూకపు పళ్లెం మీద పేరుకున్న పిండిలో వేలితో బొమ్మలు గీసి, ఆ వేలు నోట్లో పెట్టుకునేది. "చెయ్యి పట్టు తల్లీ" అని తాత మర మూతి దగ్గర జారే వేడి పిండిని ఆ అరచేతిలో పోసేవాడు. రోజు మొత్తంలో ఆయనకు నచ్చే గంట అదే.

ఆ పిల్ల ఎదగలేదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం బానలా ముందుకొచ్చింది. తిన్నది తిన్నట్టే పోయేది. చివరికి పెద్ద డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఈ పిల్ల పేగులకు గోధుమ విషమని తేల్చింది. పాలూ గుడ్లూ కూడా పడవంది. "గోధుమ తిని చెడినవాణ్ణి నా జన్మలో చూడలేదు!" అని పిండితాత ఆవిడ మీద కూడా లేచాడు. కానీ పరీక్ష బల్ల మీద ముడుచుకుని పడుకున్న మనవరాలిని చూసి వెనక్కి తగ్గాడు.

ఆ రోజు నుంచీ గోధుమ అన్నది ఇంట్లోంచి పోయింది. మరలో పిల్ల అరచేతిలో పిండి పోయడమూ ఆగింది. కూతురు దుకాణం నుంచి భూతద్దం తెచ్చి ప్రతి పొట్లం మీదా చీమ తలకాయలంత అక్షరాలు చదివేది. వరిపిండి మాత్రం బయట కొననివ్వనన్నాడు తాత. "ఆ పొట్లాల్లో ఏం కలుపుతారో ఎవడు చూడొచ్చాడు? నా చేత్తో నేను పట్టించి తెస్తాను." అన్నట్టే వారం వారం తెచ్చేవాడు. పిల్ల తినే రొట్టెలన్నీ ఆ పిండితోనే.

నెలలు గడిచినా పిల్ల పొట్ట తగ్గలేదు. మళ్లీ పరీక్ష చేసి డాక్టరమ్మ ముఖం చిట్లించింది. "ఎక్కడో గోధుమ లోపలికి పోతూనే ఉంది. బయట కాదు, మీ ఇంట్లోనే చూసుకోండి" అంది.

ఇంట్లోనే అంటే ఇంకెవరు? అమ్మమ్మే! మొదట్లో ఒకరోజు పిల్ల ఏడుపు చూడలేక ఆవిడ ఒక బిస్కట్టు చేతిలో పెట్టిన మాట నిజమే. అది పెట్టింది ఒక్కసారి. నింద మోసింది మాత్రం నెలల తరబడి. కూతురు వంటింటి అలమరకు తాళం వేసింది. పిల్లకు సంబంధించిన గిన్నె ముట్టుకోవద్దని కన్నతల్లికే చెప్పింది. "నా రెండు కళ్లూ పోతాయి, మళ్లీ పెట్టలేదే!" అని ఆవిడ ఏడుస్తుంటే, పిండితాత ఏమన్నాడనుకున్నారు? "ఒట్టు తీసి గట్టున పెట్టు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆవిడ వంటింటి గడప ఇవతలే కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఇలా ఉండగా పిల్ల పుట్టినరోజు దగ్గరకొచ్చింది. పాపం, స్నేహితుల పుట్టినరోజులకు వెళ్లి, అందరూ కేకు తింటుంటే తన డబ్బాలోంచి మరమరాలు తినివచ్చే పిల్ల. "అమ్మా, నేను కూడా తినే కేకు ఈ లోకంలో ఉంటుందా?" అని అడిగింది. ఆ మాటకు తల్లి గుండె నీరైంది. గోధుమా పాలూ గుడ్లూ లేని పళ్ల కేకు తనే ఇంట్లో చేస్తానని మాటిచ్చింది.

ముందు ఒకసారి చేసి చూసింది. తాత తెచ్చిన పిండి అయిపోయిందని ఆ ఒక్కసారికి దుకాణంలో దొరికిన వరిపిండి వాడింది. కత్తి పెట్టగానే కేకు కుప్పకూలింది. చెంచాలతో ఏరుకు తిన్నారు. "ఇది పిండటే? గోడకు పూసే సున్నం నయం" అన్నాడు తాత. "నీ కేకుకు పిండి నేను పట్టిస్తాను. మైదా కూడా సిగ్గుపడాలి."

అలాగే బియ్యం కడిగి ఆరబెట్టి, రెండుసార్లు మర ఆడించి, పలచటి బట్టలో జల్లించి తెచ్చాడు. పుట్టినరోజునాటి ఆదివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్లిద్దరూ వంటింట్లో చేరారు. కిస్‌మిస్‌లూ ఖర్జూరాలూ ఎండు అంజీరాలూ సన్నగా తరిగి కమలారసంలో నానబెట్టి ఉన్నాయి. గుడ్డుకు బదులు అవిసెగింజల పొడిని నీళ్లలో కలిపితే తెల్లసొనలా జిగురొచ్చింది. రెండు మగ్గిన అరటిపళ్లు మెదిపి, నూనె పోసి, చక్కెరా వంటసోడా వేసి, నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగింది. అందులో తాత పిండి చేరింది. పిల్ల గిన్నె చుట్టూ గంతులు. అమ్మమ్మ గడప ఇవతలి నుంచే తొంగి చూసింది. నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

కేకు అవెన్‌లోకి వెళ్లాక తాత గిన్నెలు సర్దబోతూ చెత్తబుట్టలో పాత చెక్కగరిటె చూశాడు.

"ఇదేమిటే, బంగారంలాంటి గరిటె పారేశావు? ఇందాక కొత్తది తీసి కలిపావేం?"

"దాంతో ఏళ్ల తరబడి గోధుమపిండి కలిపాం కదా నాన్నా! చెక్క పగుళ్లలో ఉండిపోతుందట. ఎంత కడిగినా పోదట. నలుసంత చాలట, మన పిల్లకు."

"మరీ విడ్డూరం! గరిటె పగుళ్లలో ఎంత ఉంటుందే..." అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గరిటె పగుళ్లలో ఎంత ఉంటుందో ఏమోగానీ, మర రాళ్ల గాట్లలో ఎంత ఉంటుందో ఆయనకంటే తెలిసినవాడెవడు? రాళ్లకు గాట్లు కొట్టిన ప్రతిసారీ మేకుతో పెకలించి తీసేది ఆయనే, గట్టిపడ్డ గోధుమపిండిని, గుప్పెళ్లకు గుప్పెళ్లు. పిండి జారే ఆ గుడ్డగొట్టం ఉతికి ఎన్నాళ్లయిందో! పొద్దున్నుంచీ గోధుమలాడిన మరలో రెండు గుప్పిళ్ల బియ్యం ముందు పోసి, "శుభ్రమైపోయింది" అని తనకు తనే చెప్పుకుని, పిల్ల బియ్యం పోసేవాడు. కంచే చేను మేసింది. అదీ ఒక రోజు కాదు, వారం వారం, సంచి నింపి మరీ.

లోపల్నుంచి కేకు వాసన కమ్మగా వస్తోంది. ఇంతకాలం తిన్నది, ఇవాళ ఒక్కరోజు తింటే కొంపలేం మునుగుతాయి? పుట్టినరోజు పూట పిల్లను ఏడిపించడమా? రేపు చెబుదాం. అసలు చెప్పడమెందుకు, రేపటి నుంచి పొట్లం పిండి తెచ్చిపడేస్తే సరి, ఎవరడుగుతారు? ఇలా ఆయన తనతో తనే బేరాలాడుకున్నాడు.  గడప పక్కన కూర్చున్న భార్య వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"తాతా, రా! మొదటి ముక్క నువ్వే పెట్టాలి!"

కేకు బల్ల మీద ఉంది. గోధుమరంగులో నిండుగా పొంగి, ఎక్కడా పగలకుండా, పళ్లముక్కలు పైకి మెరుస్తూ. "నీ పిండి మహిమ నాన్నా" అంది కూతురు. పిల్ల కత్తి దించింది. ముక్క విరగకుండా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల నోరు తెరిచి తాత ఎదురుగా నిలుచుంది.

ఆయన ముక్క చేతిలోకి తీసుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లాడు కూడా. "వద్దు తల్లీ" అని వెనక్కి తీశాడు.

పిల్ల ఆటనుకుని నవ్వింది, ఎగిరి అందుకోబోయింది. "వద్దన్నానా!" అని అరిచాడు. పిల్ల బెదిరిపోయింది.

"ఏమైంది నాన్నా?"

"ఆ పిండి నా మరలోది."

"నీ మరలోదే. అందుకేగా ఇంత బాగా..."

"గరిటె పారేశావు కదే. మరి నా మరనేం చేస్తావు?"

కూతురికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ భూతద్దం పట్టుకుని ఎన్ని పొట్లాలు చదివిందో తలుచుకుని ఏడ్చింది.

అప్పుడు గడప ఇవతలి నుంచి అమ్మమ్మ లేచింది. వంటింట్లోకి నడిచి వచ్చింది. "నన్ను దొంగను చేశారు కదా తండ్రీకూతుళ్లు!" అంది. "పిల్ల గ్లాసు ముట్టుకుంటే నా చెయ్యి కొట్టావు కదే. మీరేమో ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. పట్టుకున్నాడా మరి?" ఆ మాటలంటూనే ఆవిడా ఏడ్చింది. పిండితాత తలెత్తలేదు. క్షమించమని అడగాలని ఉంది గానీ, ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట భార్యతో ఎప్పుడూ అనలేదు. ఎలా అనాలో తెలియలేదు.

పిల్ల ఒక్కతే అందరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "అయితే తాతా, రేపట్నుంచి నేను మరకి కూడా రాకూడదా?" అని అడిగింది.

ఆ మాట పెద్దవాళ్లెవరికీ తట్టలేదు. గోతాలూ తూకపు పళ్లెం నిండా పిండీ కళ్ల ముందు కదిలాయి.

"రాకూడదమ్మా" అన్నాడు. 

ఇప్పుడు పిల్ల సాయంత్రాలు కళ్లజోళ్ల దుకాణంలో స్టూలు మీద కూర్చుంటోంది. మర మూసేస్తానని తాత ఒకసారి అన్నాడు. "మూసి ఏం చేస్తారు? రోజంతా నా ఎదురుగా కూర్చుని నన్ను దెప్పుతారా?" అంది భార్య. ఆవిడ ఇంకా కరగలేదు, కరగాల్సిన అవసరం కూడా లేదు. ఆయన రోజూ పెరటి కుళాయి దగ్గర స్నానం చేసి, చొక్కా వేరే బకెట్లో పడేసి, అప్పుడు లోపలికొస్తున్నాడు. పిల్ల పొట్ట లోపలికి పోయింది, బుగ్గలు వచ్చాయి. డాక్టరమ్మ శభాష్ అంది. ఇంటిల్లిపాదీ సంతోషించారు, ఆయనా సంతోషించాడు. కానీ పిల్ల కోలుకున్న ప్రతి రోజూ ఆ నేరం తనదేనని రుజువు చేస్తుంటే, ఆ సంతోషం గొంతు దిగేది కాదు.

మొన్న సెలవుపూట అమ్మమ్మ చేతుల మీదుగా మళ్లీ కేకు అయింది. సీలు వేసిన పొట్లం పిండి, అందుకని కాస్త విరిగింది. తాత మర కట్టేసి, కుళాయి దగ్గర ఒళ్లు తోముకుని గుమ్మంలోకి వచ్చేసరికి, పిల్ల పళ్లెంలో ముక్క పట్టుకుని నిలబడి ఉంది.

"స్నానం చేశావా తాతా?"

"చేశాను తల్లీ."

"తలకి కూడా?"

"తలకి కూడా."

వాళ్లమ్మ పొట్లాన్ని చూసినట్టే పిల్ల ఆయన్ని కిందా మీదా పరీక్షగా చూసింది. "చెవి పక్కన తెల్లగా ఉంది."

"అది పిండి కాదే, వెంట్రుకలు నెరిశాయి" అని నవ్వుతూ చేతులు చాచాడు.

పిల్ల పళ్లేన్ని గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "నాకెలా తెలుస్తుంది తాతా? మళ్లీ కడుక్కుని రా."

ఆయన మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లాడు.