గాలిమీటరు ఆగిపోయిన గంట

నాకు ఈత రాదు. మా ఆవిడకి వచ్చు. ఈతే కాదు, ఇంతెత్తు గాలిపటాన్ని నడుముకి తగిలించుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని సముద్రం మీద జారిపోవడం కూడా వచ్చు. కైట్‌సర్ఫింగ్ అంటారు దాన్ని. తను పళ్ల డాక్టరు. మూడేళ్ల కిందట తమిళనాడు వెళ్లినప్పుడు సరదాగా నేర్చుకుంది. ఆ తర్వాత ఎండాకాలం ఆదివారాలు తనని విజయవాడలో పట్టి ఉంచడం నావల్ల కాలేదు. పొద్దున్నే కారెక్కి, చల్లపల్లిలో ఇడ్లీ తిని, కోడూరు దాటి ఒడ్డుకి చేరేవాళ్లం.

అక్కడ నా పని గాలి చూసి చెప్పడం. ఒడ్డుకి దూరంగా సముద్రంలో తేలే బోయా ఒకటుంది. దానిమీద గాలిమీటరు. అది పంపే అంకెలు ఫోన్లో యాప్‌లో కనబడతాయి. గాలి వేగం, మధ్యలో వచ్చే విసురు, దిక్కు. దిక్కు డిగ్రీల్లో ఉంటుంది. గాలి ఎటు పోతోందో కాదు, ఎటునుంచి వస్తోందో చెబుతుందది. నూట యాభై ఉంటే సముద్రం మీంచి ఒడ్డుకి ఏటవాలుగా వస్తున్నట్టు. ఏం జరిగినా ఆ గాలి మనిషిని ఒడ్డుకే తోస్తుంది. రెండొందల డెబ్భై దాటితే పడమటి గాలి. నేల మీంచి సముద్రంలోకి పోతుంది. అది ఉంటే నీళ్లలో కాలు పెట్టకూడదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని కాబట్టి తను నా మాటే నమ్మేది. "మీరు సరేనంటేనే దిగుతానండీ" అనేది. ఆ మాటకి లోపల పొంగిపోయేవాణ్ణి.

ఆ ఆదివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర మా మేనమామ కొడుకు నిశ్చితార్థం. త్వరగా తిరిగి వెళ్లాలని నా తొందర. ఒడ్డున గాలి సన్నగా ఉంది, సముద్రం వైపు నుంచే.

"మధ్యాహ్నం దాకా ఆగుదామండీ. అప్పటికి సముద్రపు గాలి బాగా నిలబడుతుంది" అంది.

ఫోను చూశాను. పదమూడు నాట్ల వేగం, అంటే గంటకి ఇరవై నాలుగు కిలోమీటర్లు, నూట యాభై డిగ్రీలు. పది నిమిషాలాగి చూస్తే అదే. మళ్లీ అదే.

"లోపల అప్పుడే నిలబడింది. అంకె కూడా మారడం లేదు. వెళ్లిరా" అన్నాను.

అంకెల కింద చిన్న అక్షరాల్లో టైమ్ ఉంటుంది. ఎనిమిదీ నలభై అని ఉంది. అప్పుడు తొమ్మిదిన్నర. చూశాను. ఇక్కడ సిగ్నల్ సరిగా రాదు, అదే వస్తుందిలే అనుకున్నాను.

తను దిగింది. ఇరవై నిమిషాలు హాయిగా తిరిగింది. ఒడ్డు దగ్గరికొచ్చి నాకు చెయ్యూపింది కూడా. తర్వాత ఉన్నట్టుండి గాలి పడిపోయింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఒక్క నిమిషం అంతే. వెనకనుంచి, పొయ్యి ముందు నిలబడ్డట్టు, వేడిగాలి నా వీపుకి కొట్టింది. ఇసుక లేచి నీళ్లవైపు పరిగెత్తింది.

గాలిపటం ఒకసారి పైకి ఎగిరి, మెలితిరిగి నీళ్లలో పడింది. లేపుతుందని చూశాను. లేవలేదు. పసుపు రంగు మచ్చ చిన్నదవుతోంది. నడుం లోతు వరకు నీళ్లలోకి వెళ్లి అరిచాను. ఒక అల కొట్టగానే భయమేసి వెనక్కి వచ్చేశాను. ఆ వెనక్కి రావడం నేనెవరికీ చెప్పలేదు.

ఎమర్జెన్సీ నంబరుకి చేస్తే పడవ పంపుతామన్నారు, టైమ్ పడుతుందన్నారు. ఒడ్డెంట పరిగెత్తాను. అంత దూరాన ఒక పెద్దాయన ఫైబర్ బోటు పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్ గారూ, మా ఆవిడ కొట్టుకుపోతోందండీ."

ఆయన వల పక్కనపెట్టి లేచాడు. నన్ను ఒక చూపు చూశాడు. "ఆ గాలిపటం వదిలేసిందా, పట్టుకునుందా?"

"ఏం?"

"వదిలేస్తే నీటివాలున పోద్ది. పట్టుకునుంటే గాలివాలున పోద్ది. ఎటెళ్లాలో చెప్పండి. రెండువైపులా తిరగడానికి ఆయిలు లేదు, టైమూ లేదు."

ఏం జరిగినా గాలిపటం వదలను, దానిమీదే పడుకుంటానని తను ఎప్పుడో అన్నట్టు గుర్తు. కానీ భయంలో మనిషి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? ఫోను తీశాను. మీటరు మళ్లీ పనిచేస్తోంది. ఇరవై రెండు నాట్లు, రెండొందల ఎనభై అయిదు డిగ్రీలు. ఈసారి ముందు టైమ్ చూశాను. రెండు నిమిషాల కిందటిది.

"పట్టుకునుంటుందండీ. గాలివాలునే. తూర్పుకి, కాస్త దక్షిణంగా" అన్నాను.

బోటు కదిలింది. కాసేపటికి సిగ్నల్ పోయింది. ఫోన్లో దిక్సూచి చూస్తూ, గాలి పోయే దిక్కు నూట అయిదు, నూట అయిదు అని గొణుగుతూ కూర్చున్నాను. ఎటు చూసినా తెల్లటి నురగ. పసుపు కనబడినచోటల్లా లేచి నిలబడేవాణ్ణి. "కూకోండి సార్, మీరు కూడా పడితే నేనెవర్ని ఎత్తను?" అని ఆయన కసిరాడు. గంట దాటింది. ఫోన్ చేసి మా అత్తగారికి ఏమని చెప్పాలి అని మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాను. అలా పేరుస్తున్నందుకు నన్ను నేను చెంపమీద కొట్టుకున్నాను.

ముందు చూసింది ఆయనే. సగం గాలి పోయిన గాలిపటం మీద బోర్లా పడుకునుంది. తాళ్లు చేతికి చుట్టుకుని మణికట్టు నల్లబడిపోయింది. పైకి లాగితే "నీళ్లు" అంది. తాగి, కక్కుకుని, మళ్లీ తాగింది. ఒడ్డు చేరేదాకా నా ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది.

ఆసుపత్రిలో ఒకరోజు ఉంచారు. ఇంటికొచ్చిన రెండో రోజు చెప్పేశాను. మీటరు ఆగిపోయిందని, ఆగిన అంకెని నేను నిలకడైన గాలి అనుకున్నానని.

"కింద టైమ్ ఉంటుందిగా. చూడలేదా?"

"చూశాను."

"చూసి?"

"నిశ్చితార్థానికి లేటవుతుందని..."

తను అన్నం కలుపుతోంది. చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ కలిపింది, తినకుండానే లేచి చెయ్యి కడుక్కుంది. అరిచినా బాగుండేది.

ఇప్పుడూ వెళుతుంది, తన స్నేహితురాలితో. గాలి తనే చూసుకుంటుంది, నన్ను అడగదు. రమ్మనీ అనదు. నేను ఇంట్లోనే ఉండిపోతాను. ఒడ్డుకొచ్చానని తను ఫోన్ చేసేదాకా ముద్ద దిగదు.