బోదకాలు కాదండీ బాబూ!

పుష్కరాలు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తాయనగా, ఒక ఉదయం పెద్ద బాణలిలో ఉప్మా తిప్పుతుంటే నా ఎడమ పిక్క పట్టేసింది.

పెద్ద విషయం కాదనుకున్నాను. మాది కొవ్వూరు. గోదావరికి పన్నెండేళ్ళకోసారి పుష్కరాలు వస్తాయి. ఒడ్డున ఇల్లున్న పాపానికి మాకు బంధువులు కూడా అప్పుడే వస్తారు. ఆ రోజుల్లో మా ఇల్లు సత్రం, మా అమ్మ దానికి మేనేజరు, నేను వంటమనిషిని. తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే నిలబడే మనిషికి పిక్క పట్టకపోతేనే ఆశ్చర్యపడాలి.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఊళ్ళోనే ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. జలుబు తప్ప జబ్బు ఎరగను.

అమలాపురం నుంచి స్నానానికి వచ్చి, స్నానం అయిపోయినా వెళ్ళని మా పెద్దమ్మ నేను కుంటడం చూసింది. ఆవిడకి తెలియని రోగం లేదు, తెలిసిన వైద్యం లేదు. "ఇలా కాలు చాపవే" అని, కొబ్బరినూనెలో కర్పూరం వేసి వేడి చేసి, పూరీల పిండి పిసికినట్టు పిక్క పిసికింది. హాయిగానే ఉంది. ఆ హాయి నా ప్రాణం మీదికి తెచ్చే రకమని తర్వాత తెలిసింది.

మర్నాటికి ఎడమ కాలి పట్టీ బిగుసుకుపోయింది. కుడి కాలిది మామూలుగానే గలగలమంటోంది. కాలు వెచ్చగా, బరువుగా, ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టు ఉంది. పెద్దమ్మ చూసి గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే వీధి చివరిదాకా మాత్రమే వినిపిస్తుంది.

"ఒసే చెల్లీ, ఇది బోదే!"

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా దోమలకి ఉన్న పేరు అలాంటిది. ఇక్కడ ఒక కాలు వాచిందంటే ఇంకో ఆలోచన రాదు, రానివ్వరు కూడా. మా అమ్మ మొహం పాలిపోయింది. కాలు గురించి కాదు. కాకినాడ నుంచి ఒక సంబంధం వాళ్ళు కబురు చేసి ఉన్నారు.

"కుచ్చెళ్ళు కాస్త కిందికి కట్టుకో. ఎవరైనా అడిగితే బెణికిందని చెప్పు."

అలా నా కాలికి మందు కన్నా ముందు పరదా దొరికింది. బంధువులు అందరూ వెళ్ళేదాకా కాలు ఇంట్లోనే ఉన్నా లేనట్టే. ఇల్లు ఖాళీ అయ్యాక, వారం ఆలస్యంగా, ఊళ్ళో మా కుటుంబ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దాయన. నా పోలియో చుక్కలు కూడా ఆయన చేతి మీదుగానే పడ్డాయి.

"ఒక్క కాలేనా?"

"ఒక్కటేనండి."

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది. కుర్చీలో నాన్న, గుమ్మంలో కాంపౌండరు.

"అబ్బే, ఏమీ లేవండి. మా పిల్ల గట్టిదండి," అంది అమ్మ.

మా ఇంట్లో నెలకి మూడు రోజులు ఆడవాళ్ళు బయట కూర్చోవాలి. కుండ ముట్టకూడదు, పొయ్యి చూడకూడదు. పుష్కరాల్లో సత్రానికి వంటమనిషి మూడు రోజులు సెలవు పెడితే ఎలా? అందుకని పుష్కరాలకి ముందే అమ్మ మందుల షాపు నుంచి నెలసరి వాయిదా మాత్రలు తెప్పించింది. కాగితం ముక్కలో చుట్టి, గుప్పిట్లో పెట్టి ఇచ్చింది. పూటకొకటి. పుష్కరాలు అయిపోయినా చుట్టాలు కదలలేదు కాబట్టి మాత్రలూ ఆగలేదు. ఇవన్నీ నాన్న ముందు చెప్పే సంగతులు కావు. మా నాన్న మంచివాడే. కానీ మా ఇంట్లో నాన్నకి ఈ విషయం ఉనికే తెలియనట్టు ఇరవై ఏళ్ళుగా అందరం నటిస్తున్నాం, ఆయనతో సహా.

బోద టెస్టుకి రక్తం రాత్రిపూటే తీయాలట. పురుగులు అప్పుడు షికారుకి వస్తాయట. తీశారు. ఏమీ దొరకలేదు.

"దొరకలేదంటే లేదని కాదుగా," అంది పెద్దమ్మ ఫోనులో. ఆవిడతో వాదించి ఎవరూ గెలవలేదు, మైక్రోస్కోపుతో సహా.

బోద మాత్రలు మింగాను. తల తిరిగింది, కడుపులో తిప్పింది. కాలు మాత్రం చలించలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీలో మెట్లెక్కి సెకండియర్ క్లాసుకి వెళ్ళాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ప్రాబబిలిటీ అని రాయబోతే ఊపిరి అందలేదు. గాలి లోపలికి పీలిస్తే కుడి పక్కన కత్తి దిగినట్టు నొప్పి. ముందు బెంచీ పిల్లలు లేచి కుర్చీ వేశారు. వెనక బెంచీ వాళ్ళు క్లాసు లేనట్టేనా అని చూశారు. వాళ్ళ తప్పు లేదు, నేనైనా అదే చూసేదాన్ని.

ఇంట్లో "గ్యాస్" అన్నారు. అమలాపురం నుంచి "వాము నమలమను" అన్నారు. సాయంత్రం దగ్గితే చేతిరుమాలులో ఎర్రటి చార కనిపించింది. అది చూసి నాన్న ఎవరినీ అడగలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళి కారు తెచ్చారు. గోదావరి వంతెన మీద లారీల వెనక కారు నత్తలా పాకుతుంటే, జన్మలో తొందరపడని మా నాన్న ముందుకి వంగి, "కొంచెం తొందరగా పోనీ బాబూ" అని రాజమండ్రి చేరేదాకా అంటూనే ఉన్నారు. అప్పుడు భయమేసింది నాకు. అంతకుముందు విసుగే.

రాజమండ్రి డాక్టరు కుర్రవాడు. ముందు టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచాడు, టైలరులాగ.

"దీన్ని బోద అని ఎవరన్నారు?"

"అందరూ అన్నారండి," అంది అమ్మ.

డాప్లర్ స్కాన్ అన్నారు. చల్లటి జెల్లీ పూసి, కాలి మీద ఒక పరికరం తిప్పారు. తర్వాత ఈసీజీ, ఎకో.

"కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. డీవీటీ. అందులో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. పల్మనరీ ఎంబాలిజం. గుండె కుడివైపు కష్టపడుతోంది. కాలు ఎవరైనా మర్దన చేశారా?"

అమ్మ అమలాపురం దిక్కుకి చూసింది.

"ఇంకో ముక్క వెళ్తే ఏమవుతుందండి?" అన్నారు నాన్న.

డాక్టరు నర్సుని పిలిచి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజక్షన్ పెట్టమన్నాడు. జవాబు అదేనని మా అందరికీ అర్థమైంది.

తర్వాత ఆయన మంచం పక్కన కూర్చుని అడిగాడు. కాలికి కట్టు వేశారా? ఆపరేషన్ అయిందా? దూర ప్రయాణం చేశావా? ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా? మాత్రలేమైనా వాడావా?

"ఏమీ లేవండి," అంది అమ్మ.

"చూడండమ్మా, ఈ వయసులో ఊరికే ఇంత గడ్డ కట్టడం అరుదు. కారణం దొరికితే కొన్ని నెలల మందుతో సరిపోవచ్చు. దొరక్కపోతే బోలెడు టెస్టులు, జీవితాంతం మందు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఏ మాత్రలూ లేవా?"

అమ్మ నోరు తెరిచి, నాన్నని చూసి, మూసేసింది. నాకు ఒళ్ళు మండింది. ఊపిరే అందని మనిషికి సిగ్గు ఎక్కడినుంచి అందుతుంది? ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగాను.

"పుష్కరాలని వాయిదా వేయలేం కదండి. అందుకని నన్ను వాయిదా వేశారు."

డాక్టరుకి ఒక్క క్షణంలో అర్థమైంది. నాన్నకి రెండు క్షణాలు పట్టింది.

"రోజుకి ఎన్ని?"

"మూడు పూటలా. చుట్టాలు వెళ్ళేదాకా."

"ఎవరు రాసిచ్చారు?"

"మందుల షాపు వాళ్ళు రాయరండి, ఇస్తారు."

అమ్మ అప్పుడు ఏడవటం మొదలుపెట్టింది. నాన్న మాస్కు మళ్ళీ నా ముక్కు మీద సరిచేశారు, అది కూడా తలకిందులుగా.

డాక్టరు తిట్టలేదు. "గర్భనిరోధక మాత్రలకీ రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఉందని ఎప్పటినుంచో తెలుసు. ఈ వాయిదా మాత్రల గురించి ఇప్పుడిప్పుడే చదువుతున్నాం. ఎక్కువ మోతాదులో కొందరికి ప్రమాదమే. గుండె అనగానే అందరూ ధమనుల గురించే మాట్లాడతారమ్మా, సిరల మీద పరిశోధన మొన్నమొన్నటిదాకా వెనకపడే ఉంది," అన్నాడు. నాకు సిరల మీద జాలేసింది. అవీ ఇంటి ఆడపిల్లల్లాంటివే, వాచేదాకా ఎవరూ పట్టించుకోరు.

ఇక ఆ కొత్త పరిశోధనలతో నా అవస్థ మొదలైంది. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి, "కదలకూడదు, కాలు ఎత్తులో పెట్టి పడుకోవాలి, బెడ్‌పాన్ వాడాలి" అంది. ఊపిరి కాస్త కుదుటపడ్డాక మా డాక్టరు వచ్చి, "ఇంకా పడుకునే ఉన్నావేంటి? లేచి నడు" అన్నాడు.

"కదిలితే గడ్డ ఊడుతుందన్నారు కదండి?"

"అది పాత పద్ధతి. మందు పడుతున్నాక నడిస్తేనే మంచిదని రీసెంట్ రీసెర్చ్."

నేను వరండాలో నడుస్తుంటే చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ, "అయ్య బాబోయ్, అలా తిరక్కే తల్లీ!" అని మంచం మీదికి తోసేవారు. మళ్ళీ లేచేదాన్ని. మళ్ళీ తోసేవారు. పొట్టలో ఇంజక్షన్ల కన్నా ఈ పరామర్శలకే ఎక్కువ నీరసపడ్డాను.

ఇంటికొచ్చాక రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్ర, ఐఎన్‌ఆర్ అని ఒక రక్తపరీక్ష. ఆ అంకె తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం కారుతుంది. లెక్కల టీచరుకి తగిన జబ్బు. అంకె కుదురుకుంటున్న సమయంలో పెద్దమ్మ దిగింది. "పిల్లకి రక్తం పట్టాలి" అని ఒకరోజు తోటకూర, ఒకరోజు గోంగూర, ఒకరోజు రెండూ. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందుకి అడ్డట, అంకె పడిపోయింది. డాక్టరు కంగారుపడి మోతాదు పెంచాడు. అదే వారం అమ్మ భయపడి ఆకుకూర అన్నదాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. అంకె పైకెక్కింది. పళ్ళు తోముకుంటే నురుగు గులాబీ రంగులో వచ్చింది. మళ్ళీ వంతెన, మళ్ళీ లారీలు, మళ్ళీ నాన్న "తొందరగా పోనీ బాబూ."

"ఆకుకూర మానమని పూర్వం చెప్పేవాళ్ళం," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు అలా కాదు. తినండి. కానీ ప్రతిరోజూ ఒకేలా తినండి."

"రీసెంట్ రీసెర్చేనాండి?" అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వాడు. "ఆయ్," అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆయనా మా పెద్దమ్మలాగ కోనసీమ మనిషేనని.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. కాకినాడ సంబంధం వాళ్ళకి ఎవరో "ఆ పిల్లకి గుండె జబ్బు" అని చేరవేశారు. "అంతకన్నా బోదే నయం కదే," అని అమ్మ కొన్నాళ్ళు బాధపడింది. నేను మాత్రం అదే కాలేజీలో, అదే మెట్ల మీద ఉన్నాను. మందు ఆపేశారు. సాయంత్రానికి ఎడమ కాలు బరువెక్కుతుంది. రోహిణీ కార్తె ఎండల్లో కూడా మోకాలిదాకా బిగుతు మేజోడు తొడుక్కోవాలి. అది తొడుక్కోవడం గేదెని గొట్టంలోంచి లాగడం లాంటిది. ఇంట్లో బయట కూర్చోవడం అనేది ఎవరూ ప్రకటించకుండానే ఆగిపోయింది. ఆ రోజుల్లో నాన్నే కాఫీ కలిపి ఇస్తారు. బాగుండదు. తాగుతాను.

మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. డెంటిస్టు గది తలుపు తీసే ఉంది, బయట పది మంది. "ఏమైనా మందులు వాడారా?" అని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

"వాడిందండి! పుష్కరాలకి నెలసరి రాకుండా మాత్రలు వాడిందండి, నేనే ఇచ్చానండి, కాల్లో గడ్డ కట్టిందండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందండి, ఆర్నెల్లు రక్తం పల్చబడే మందు వాడిందండి!"

బయట పది మందీ పేపర్లు దించి చూశారు. డెంటిస్టు చేతిలో అద్దం అలాగే ఆగిపోయింది. పాపం, ఆయన అడిగింది పన్నునొప్పికి ఏం వేసుకున్నానని.

నాకు సిగ్గుతో చెవులు మండాయి. కానీ ఇది చదివే ఆడవాళ్ళకీ, వాళ్ళ అమ్మలకీ నేను చెప్పగలిగింది ఆ ఒక్కటే. వాయిదా మాత్రలు మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోకండి. ఇప్పటికే వేసుకుని ఉంటే, డాక్టరు అడిగినప్పుడు గదిలో నాన్న ఉన్నా, మామగారు ఉన్నా, తలుపు తీసి ఉన్నా, మా అమ్మలాగ చెప్పండి. వీలైతే అంత గట్టిగా అక్కర్లేదు.