గీత దాకా తెచ్చిన పాయింటు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా గల్లీ వెనుక ఒక ఖాళీ జాగా ఉండేది. ఇప్పుడక్కడ కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప మట్టి కనపడదు. ఒక ఎండాకాలం సెలవుల్లో ఆ జాగా కోసం పంజగుట్ట ఆడపిల్లలకూ మా గల్లీ ఆడపిల్లలకూ పంచాయతీ పడింది. కబడ్డీలో గెలిచినవాళ్లకే సెలవులన్నీ ఆ జాగా.

మా జట్టుకు పెద్ద పక్కింటి అక్క. పెండ్లయిన మనిషే, అయినా కొంగు నడుముకు చుట్టి మాకు ఆట నేర్పేది. మేమందరం "పాయింటు కొట్టాలె" అంటే, ఆమె ఒక్కతే "పాయింటు తేవాలె" అనేది. ఏదైతే ఏంది అనుకున్నాను నేను.

ఆఖరి కూత నాది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. గీత దాటిపోయి ఇద్దరిని తాకాను. ఇక సంబరం పట్టలేక అక్కడే "కొట్టిన అక్కా!" అని ఎగిరాను. కూత తెగింది. తెగకుండా మన గీత చేరితేనే కదా లెక్క! నేనే అవుట్. "మస్తు కొట్టినవ్ తియ్యి, ఇగ ఇంటికి పో!" అని పంజగుట్ట పిల్లలు ఒకటే నవ్వుడు.

ఏడుస్తుంటే అక్క తిట్టలేదు. బిందె చేతికిచ్చి నల్లా కాడికి పంపింది. నింపుకుని వస్తుంటే సగం గల్లీలో ఎదురొచ్చింది.

"నీళ్లు తెచ్చినవా?"

"తెచ్చిన."

"ఏడ తెచ్చినవే? మా అత్త ఎసరు పెడదామని పొయ్యి కాడ కూసుంది. ఆమెకు ముట్టినయా? జర కాలు జారితే అన్నీ మట్టిపాలే."

చుక్క ఒలకకుండా తీసుకుపోయి ఆమె వంటింట్లో దించాను. అప్పుడు వీపు తట్టి, "ఇగో, తెచ్చుడంటే ఇది" అంది.

జాగా మాత్రం పోయింది. సెలవులన్నీ గోడెక్కి వాళ్ల ఆట చూశాం. మరుసటి ఏడే నన్ను బడి మాన్పించారు. బళ్లో చదివింది చాలా మరిచాను గానీ, ఆ బిందె బరువు మరువలేదు.

ఇప్పుడు మైత్రీవనం కోచింగ్ సెంటర్ నుంచి మనుమరాలు ఫోన్ చేసి "నానమ్మా, పరీక్ష కొట్టేసిన!" అంటుంది. "మార్కుల కాయితం ఇంటికి తే, అప్పుడు పాయసం" అంటాను. పాలూ చక్కెరా ఊరికే రావు. కఠినురాలినని దాని బాధ.

దానికి తెలియదు, కూరగాయల సంచితో మెట్లెక్కుతుంటే ఇప్పటికీ నా నోట్లో సన్నగా కబడ్డీ కూత నడుస్తుంది. గడప దాటి సంచి దించేదాకా ఆపను.