బొమ్మకి కొసరు

మా ఆయన తిరుమలరావు బొమ్మలేస్తాడని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. పోర్టులో గుమస్తా, పెదవాల్తేరులో అద్దిల్లు, తాగుడు లేదు అని మాత్రం చెప్పినారు. తాగుడైనా నయమే, పొద్దుటికి దిగిపోతాది. ఈ కార్టూన్ల పిచ్చి దిగదు. కూర మాడిపోయి నాను ఏడుస్తా కూర్చుంటే, ఈ మనిషి నా ముక్కు వైపు చూస్తా పెన్సిలు వెతుక్కుంటాడు. ఏటి చూస్తన్నావంటే, "ఉండు, అలాగే ఉండు" అంటాడు. ఒళ్లు మండిపోదేటి?

అత్తారిది చోడవరం అవతల పల్లె. చెరుకు, బెల్లం తప్ప ఇంకో మాట లేని ఇల్లు. అక్కణ్ణించి వొచ్చి విశాఖపట్నంలో కార్టూనిస్టు అనిపించుకున్నాడంటే గొప్పే, నాను కాదనను. ఆదివారం ఆదివారం వీళ్ల గుంపు ఓ లైబ్రరీ హాల్లో కూడతాది. స్టీల్ ప్లాంటులో పనిచేసే సన్యాసిరాజు గారు, బ్యాంకులో రిటైరైన పెద్దమనుషులు, ఫోన్లో చూసుకునే కామిక్సు వేసే కాలేజీ పిల్లలు, అందరూ వస్తారు. ఒకళ్ల బొమ్మలు ఒకళ్లు చూసుకుంటారు, కిసుక్కుమంటారు, టీ తాగుతారు. "పేపర్లోళ్లు మనకి చోటివ్వట్లేదు బావా" అని నిట్టూర్చుకుని ఇళ్లకొస్తారు.

అందులో మా ఆయనకి పేరు తెచ్చింది ‘సేపలమ్మ’. ఓ పేపరు ఆదివారం పేజీలో చిన్న డబ్బాలో వొచ్చేది. పెద్ద నోరు, పెద్ద కొప్పు, నెత్తి మీద చేపల బేసిను. వాల్తేరు నించి గాజువాక దాకా ఆ బొమ్మ తెలియనోళ్లు లేరు. ఆ సేపలమ్మ ఎవరో నాకు తెలుసు. మా గుమ్మం ముందు బేసిను దించే చిట్టమ్మే.

చిట్టమ్మది జాలరిపేట. మొగుడు ఎల్లారావు తెప్ప మీద వేటకెళ్తే, తెచ్చిన చేపలు ఇది నెత్తినెట్టుకుని వాల్తేరు వీధులన్నీ తిరుగుతాది. నాను కాపరానికొచ్చిన కొత్తలో నాకు కానాగంత చేపలు కడగడం నేర్పింది ఇదే. మావాడు పుట్టినప్పుడు పాలు పడాలని సొరచేప తెచ్చి వొండించింది కూడా ఇదే. కాటా పైకెత్తినప్పుడల్లా చేపల వైపు కిందికి వొంగిపోయేది, అంత ధారాళం. ఆపైన కొసరు. బేరం అయిపోనాక గుప్పెట్లో నాలుగు చిన్న చేపలు తీసి నా గిన్నెలో వేసేది.

అలాంటి మనిషిని మా ఆయన ఏటి చేసినాడు? తూకంలో దొంగని చేసినాడు.

మొదటి బొమ్మలో సేపలమ్మ కాటా పట్టుకుని ఉంటాది. కొనేవాడు "కిలో అన్నావు, ముప్పావే ఉందేంటమ్మా?" అంటాడు. "కిలోలో పావు నా బొటనేలు బాబూ, అది కూడా కోసిచ్చీమంతావేటి?" అంటాది సేపలమ్మ. ఊరంతా పకపకా నవ్వింది. ఎడిటరు ఫోన్ చేసి వారంవారం వెయ్యమన్నాడు.

ఆ ఆదివారమే చిట్టమ్మ వొచ్చింది. చేపల కింద పరుద్దామని నాను తెచ్చిన పేపరు మీద దాని కన్ను పడింది.

"ఓలమ్మో! ఇది నానే కదేటి? నా కొప్పే! బాబూ, నన్ను పేపర్లో ఏసీసినావా?"

దానికి చదువు రాదు. పేపరు రెండు చేతులతో పట్టుకుని, తడి అంటుకుంటాదని ఒంటికి దూరంగా పెట్టుకుని చూస్తంది. "ఏటి రాసినావు బాబూ కింద? సదువు, ఇంతాను" అంది.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. గొంతు సవరించుకున్నాడు. "ఏం లేదు సిట్టమ్మా. కొనేవాడేమో, కాటా అంతలా వొంగిపోయిందేటమ్మా అంటాడు. నువ్వేమో, వొంగనీ బాబూ, మంచోళ్లని సూస్తే అదీ దండమెడతాది, అంటావు."

చిట్టమ్మ నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. తర్వాత నా గిన్నెలో కొసరు వేసి, ఇంకో గుప్పెడు తీసి, "ఇది బొమ్మకి" అంది.

అప్పణ్ణించి ప్రతి ఆదివారం ఇదే భాగోతం. పేపర్లో ఒకటి, గుమ్మంలో ఒకటి. పేపర్లో "చేప తాజాయేనా?" అంటే "నిన్న తాజాయే బాబూ!" అని ఉంటాది. గుమ్మంలో మా ఆయన చదివేది వేరు: "తాజాయేనా అంటావేటి బాబూ, సాయంత్రానికి వొచ్చేస్తానని ఇంటికాడ సెప్పి మరీ వొచ్చింది ఈ సేప." చిట్టమ్మ ఆ మాటలన్నీ కంఠతా పట్టీసింది. పేటలో ఆ పేపరు కొనేవోళ్లు లేరు, వీధుల్లో చదివినోళ్లు దాని మొహం మీద అననూ లేదు. వీధిలో చేపలమ్మేటప్పుడు అవే అనేది, జనం నవ్వి ఇంకో అరకిలో కొనేవోళ్లు. వెళ్లేటప్పుడు నా గిన్నెలో ఇంకో గుప్పెడు, "ఇది బొమ్మకి."

"ఏటయ్యా, పేపర్లో వేసిందాని కన్నా గుమ్మంలో చెప్పిందే బాగుంది. అదే వెయ్యొచ్చు కదా?" అన్నాను ఓసారి.

"నీకు తెలీదే. మంచి మాటకి ఎవడు నవ్వుతాడు? కాస్త కారం ఉండాలి."

"మీ అమ్మ మాటా ఇలాగే ఉంటాది కదా, సేత్తన్నావు, వత్తన్నావు అని. మరి ఆవిణ్ణి ఎందుకు వెయ్యవు కారం చల్లి?"

పెన్సిలు చెక్కుకున్నాడు. చిట్టమ్మ వేసిన కొసరు చేపల పులుసు మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు. నా నోటికీ రుచిగానే ఉండేది, ఆ మాట దాచడం ఎందుకు.

కరోనా తర్వాత ఆ పేపరు కార్టూన్లు తీసీసింది. పీడా వదిలింది అనుకున్నాను. వదల్లేదు. లైబ్రరీ గుంపులో శ్రీసత్య అని యానిమేషన్ చదివే పిల్ల ఉంది. చురుకైన పిల్ల, మాట కూడా మంచిదే. "అంకుల్, సేపలమ్మ కార్టూన్లన్నీ ఒక పుస్తకంగా వేద్దాం. ఎగ్జిబిషన్ పెడదాం. పెద్ద తెర మీద చూపించి మా వాళ్లతో గొంతులు మార్చి చదివిద్దాం" అంది. మా ఆయన ఉబ్బి తబ్బిబ్బైపోనాడు.

పాత బొమ్మలు ఫోటోలు తీసుకోడానికి ఆ పిల్ల మా ఇంటికొచ్చిన పూటే చిట్టమ్మ బేసిను దించింది. శ్రీసత్య ఆవిణ్ణి చూసి, చేతిలో బొమ్మ చూసి, కెవ్వుమంది.

"అంకుల్! ఈవిడే కదా! నిజంగా ఉన్నారా! అమ్మా, మీరు తప్పకుండా రావాలి. స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం."

"నాకా?" అంది చిట్టమ్మ. బేసిను అంచు పట్టుకుని అలాగే నిలబడిపోనాది. "సేపలమ్ముకునేదానికి సాలువా ఏటి తల్లీ?" అంటానే మా ఆయన వైపు చూసింది, ఔనంటాడా కాదంటాడా అని.

కాదనడానికి నోరు రాలేదు మారాజుకి.

నాను ఊరుకోలేదు. "ముందే వెళ్లి చెప్పీయి. నాలుగ్గోడల మధ్య నువ్వు చెప్తే తిడతాది, రెండేస్తాది, ఏడుస్తాది. అంతే. హాలంతా నవ్వుతుంటే వింటే అది బతకదు" అన్నాను. సరేనని చెప్పులేసుకుని జాలరిపేట వెళ్లినాడు. వొచ్చీసినాడు. మొహం చూస్తే తెలిసిపోనాది.

"చెప్పలేదు కదూ?"

"ఎలాగ చెప్పనే? చీర కొనుక్కుంది. వీధిలో ఆడోళ్లందరికీ చూపిస్తంది. నన్ను చూసి ముగ్గురు లేచి కుర్చీ వేసినారు. ఎల్లారావు వేటకెళ్లడం మానీసి సభకొస్తాడట." మంచం మీద కూలబడ్డాడు. "శ్రీసత్యకి చెప్తాను, మాటలు తీసీసి బొమ్మలే చూపించమంటాను."

అదీ చెప్పలేదు. ఎందుకు తియ్యాలని ఆ పిల్ల అడిగితే ఏటి చెప్పాల? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది.

సభ రోజు హాలు నిండిపోనాది. ముందు వరసలో నాను, నా పక్కన జాలరిపేట ఆడోళ్లు, పువ్వులెట్టుకుని, కొంగులు సర్దుకుని. స్టేజీ మీద చిట్టమ్మ. ఆకుపచ్చ చీర, చేతుల నిండా గాజులు, కుర్చీ చివర కూర్చుంది. పక్కన మా ఆయన. శాలువా కప్పినప్పుడు పేట ఆడోళ్లు చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టినారు. ఎల్లారావు అయితే లేచి నిలబడిపోనాడు.

దీపాలార్పినారు. తెర మీద మొదటి బొమ్మ పడింది, కాటా పట్టుకున్న సేపలమ్మ. చిట్టమ్మ మొహం వెలిగిపోనాది. ఆ బొమ్మ తెలుసు దానికి, ఆ మాటా తెలుసు. చదివే పిల్లల కన్నా ముందే దాని పెదాలు కదులుతన్నాయి: వొంగనీ బాబూ, మంచోళ్లని సూస్తే...

"కిలోలో పావు నా బొటనేలు బాబూ!" అని మైకులో ఓ పిల్ల గొంతు మార్చి అరిచింది. హాలు గొల్లుమంది.

చిట్టమ్మ పెదాలు సగంలో ఆగిపోనాయి. మా ఆయన వైపు వొంగి అన్న మాట నాకు ముందు వరసలోకి వినిపించింది.

"బాబూ, పిల్లలు తప్పు సదివీసినారు. సెప్పు."

మా ఆయన బూట్ల వైపు చూసుకుంటన్నాడు.

రెండో బొమ్మ పడింది. ఇంటికాడ సెప్పి వొచ్చిన చేప. మళ్లీ ఆశ పడి తెర వైపు చూసింది. "నిన్న తాజాయే బాబూ!" హాలు మళ్లీ గొల్లుమంది. ఈసారి చిట్టమ్మ తెర చూడలేదు, మా ఆయన్నే చూసింది. ఆయన తలెత్తలేదు. ఇంకెవరూ ఏటీ చెప్పక్కర్లేకపోనాది. ఒక్కో బొమ్మా పడతంది, దొంగ తూకం, కుళ్లు చేప, గయ్యాళి నోరు. నా పక్కన పేట ఆడోళ్లు మొదటి బొమ్మకి నవ్వినారు, రెండోదానికి సగం నవ్వినారు, తర్వాత ఒడిలో చేతులెట్టుకుని కూర్చున్నారు. నాను వాళ్ల వైపు తల తిప్పలేకపోయినాను. సిగ్గంటే ఏటో అప్పుడు తెలిసింది. ఆ కొసరు చేపలన్నీ గొంతులోకి వొచ్చినట్టయింది నాకు.

దీపాలు వేసినారు. పాపం శ్రీసత్యకి ఏటి తెలుసు, నవ్వుతా మైకు తెచ్చి, "అమ్మా, మీ బొమ్మల గురించి రెండు మాటలు" అంది.

చిట్టమ్మ లేచింది. మైకు ఎలా పట్టుకోవాలో తెలీక రెండు చేతులా పట్టుకుంది.

"నాను సదువుకోనేదు. నాకు తెల్దు. ఈ బొమ్మల్లో ఉన్నామె నాను కాదు. ఎవులనుకోనో నన్ను పిలిసీసినారు."

శాలువా తీసి, మడతెట్టి, కుర్చీలో పెట్టింది. మెట్లు దిగింది. పేట ఆడోళ్లందరూ లేచి దాని వెనకాలే వెళ్లిపోయినారు. ఎల్లారావు గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూసినాడు, అంతే. ఇది కూడా తమాషాలో భాగమేనేమో అని జనంలో కొంతమంది చప్పట్లు కొట్టినారు.

ఇంటికొచ్చినాక మా ఆయన అన్నం ముట్టలేదు. "సిగ్గుతో చచ్చిపోతన్నానే రాణీ" అన్నాడు.

"చచ్చిపోతే ఎలాగ? బతికుండి పడు. అది పడలేదా, అంతమందిలో?" అన్నాను. అనీసినాక నాకూ ఏడుపొచ్చీసింది.

పుస్తకం ఆపించీసినాడు. శ్రీసత్యకి ఉన్నదున్నట్టు చెప్పినాడు. "ముందే చెప్పొచ్చు కదా అంకుల్" అందట. ఆ మాట ఆ పిల్ల కన్నా ముందు నాను అన్నాను, ఏటి లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆదివారం చిట్టమ్మ రాదనుకున్నాం. వొచ్చింది. ఎప్పుడూ వీధి మొదట్లోనే వినిపించేది దాని కేక, చేప ఇంటికాడ సెప్పొచ్చిందని. ఆ రోజు "సేపలూ" అన్న ఒక్క మాటే వినిపించింది. బేసిను దించింది. మా ఆయన చొక్కా కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తినాడు.

"సిట్టమ్మా, తప్పైపోయింది. నీ కాళ్లు..."

"తప్పేటి బాబూ. నీ పని నువ్వు సేసినావు. నా పని నన్ను సేసుకోనీ. ఎంత కావాల?"

"కిలో" అన్నాను నానే, గుమ్మంలోంచి గిన్నె చాపి.

చిట్టమ్మ కాటా తీసి మా ఆయన చేతికిచ్చింది. "నువ్వే తూయ్ బాబూ."

"వొద్దు సిట్టమ్మా."

"తూయ్."

పట్టుకున్నాడు. బొటనవేలు ఎక్కడ తగులుతాదో అని దూరంగా ఎత్తి పెట్టుకున్నాడు. చిట్టమ్మ ఒక్కో కానాగంతా వేస్తంది. రెండు పళ్లాలూ సమంగా వొచ్చినాయి. ఇటు వొంగలేదు, అటు వొంగలేదు.

"సరిపోనాదా? సూసుకో."

"సరిపోయింది" అన్నాడు.

కాటా అందుకుని చేపలు నా గిన్నెలో పోసింది. డబ్బులు రొంటిన దోపుకుంది. బేసిను నెత్తినెత్తుకుని పక్కింటి వైపు వెళ్లిపోయింది. మా ఆయన కాళ్ల కాడ నీళ్ల మరక చూస్తా నిలబడినాడు. నాను ఇంకా గిన్నె చాపుకునే ఉన్నాను, అలవాటు కొద్దీ.