పొద్దున పూట ఆగిపోయే లేత్

సర్వో డ్రైవ్ మీద ఎర్ర లైటు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మోటారుకి ఎంత తిరగాలో, ఎక్కడ ఆగాలో చూసుకునే కరెంటు పెట్టె అది. ఏదైనా తేడా వస్తే టక్కున ఎర్ర లైటు వెలిగించి చేతులెత్తేస్తుంది. ఏం తేడా వచ్చిందో మాత్రం చచ్చినా సరిగ్గా చెప్పదు. మనమే వెతుక్కోవాలి. అలా వెతకడమే అప్పట్లో నా బతుకుతెరువు.

రిసెషన్ రోజులవి. అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో నన్నూ అన్ననీ ఒకే కంపెనీ ఒకే వారంలో లేఆఫ్ చేసింది. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఆఫీసులో పక్క సీటు, ఊళ్లో పక్క వీధి, నాకన్నా కాస్త పెద్దవాడు, అంతే. నేను రెజ్యూమెలు పంపిస్తూ కూర్చుంటే, ఆయన వేలంలో లోహం కోసే పాత లేత్ మెషీన్ ఒకటి కొనుక్కొచ్చాడు. ఇనుము బంగారంలా ఉంది, కంట్రోలర్ మాత్రం చచ్చింది. "కొత్త కంట్రోలర్, కొత్త డ్రైవ్‌లు పెట్టేద్దాం రా. ఇంకొకడి కింద పనిచేసే ఖర్మ నాకొద్దు," అన్నాడు. పిచ్చా నీకు అన్నాను. అన్నానే గానీ, మర్నాడు నా టూల్ బాక్స్ వేసుకుని ఆ రేకుల షెడ్డుకి నేనే ముందు వెళ్లాను.

ఇల్లు బ్యాంకులో పెట్టి మరీ దిగాడాయన. పంపులు తయారుచేసే ఒక కంపెనీ మాటిచ్చింది: శాంపిల్ పీసులు కొలతకి వస్తే ఏడాది పొడుగునా ఆర్డరు మీకే అని. రాకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే. ఇది మా ఇద్దరికీ తెలుసు, వదినకి తెలుసు, తెనాలి నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దమ్మకీ తెలుసు.

పెద్దమ్మ అంటే అన్న వాళ్ల అమ్మ. పెదనాన్నగారు పోయి అప్పటికి ఏడాది దాటింది. లేత్‌కి మొదటిసారి కరెంటు ఇచ్చిన రోజున అన్న కొబ్బరికాయ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను కొట్టకూడదురా. కోడల్ని పిలువు."

"అది ఆఫీసులో ఉందమ్మా. అయినా ఈ దేశంలో అవన్నీ ఎవడు చూస్తాడు? నాకు నువ్వే చెయ్యాలి."

"శుభమా అని మొదలుపెడుతున్నావు. వద్దు నాన్నా, నా మాట విను."

అన్న వినే రకం కాదు. నేనూ వంత పాడాను, మీరు కాకపోతే ఇంకెవరు చేస్తారు పెద్దమ్మా అని. చివరికి కొంగుతో కళ్లు తుడుచుకుని కొట్టింది. కాయ సరిగ్గా సగానికి పగిలింది. కుంకుమ మాత్రం తను ముట్టలేదు, కొడుకు వేలితోనే పెట్టించింది. ఆ పూట ఆవిడ మొహం వెలిగిపోయింది. ఏడాదిగా ఏ పేరంటానికీ పిలుపు లేని మనిషి మరి. అది చూసి నాకూ కడుపు నిండినట్టయింది.

ఆ మర్నాటి నుంచి రోజూ అన్నతో పాటు షెడ్డుకి వచ్చేది. ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తుంది, గోడలు చూస్తూ? మెషీన్‌కి పూజ చేసి, ఒక మూల కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం మాకు అన్నాలు పెట్టేది. నేను మా పిల్లని స్కూల్లో డ్రాప్ చేసి వచ్చేసరికి పూజ అయిపోయి అగరొత్తుల వాసన ఒక్కటే మిగిలేది.

అప్పుడే మొదలైంది గోల. పొద్దున స్టార్ట్ చేస్తామా, కాసేపు బుద్ధిగా తిరుగుతుంది. టూల్‌ని పీసు మీదకి నెట్టే మోటారు ఒకటుంటుంది, ఎక్స్ యాక్సిస్ అంటాం. ఉన్నట్టుండి దాని డ్రైవ్‌లో ఎర్ర లైటు! మోటారు వెనక నుంచి సిగ్నల్ రావట్లేదని మెసేజ్. రీసెట్ చేస్తే మళ్లీ తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఏమీ ఎరగనట్టు సాయంత్రం దాకా చక్కగా నడుస్తుంది. దాన్ని తన్నాలనిపించేది. ఒకసారి తన్నాను కూడా. కాలు నొప్పి నాకే.

లేత్‌కున్న రెండు మోటార్ల డ్రైవ్‌లూ అటూ ఇటూ మార్చి చూశాను. డ్రైవ్‌లో లోపమైతే దానితో పాటు ఎర్ర లైటూ రెండో మోటారుకి పోవాలి. పోలేదు, ఎక్స్ దగ్గరే కూర్చుంది. అంటే డ్రైవ్ మంచిదే. ఎర్తింగ్ విప్పి మళ్లీ కట్టాను. పొద్దున చలికి ఎక్కడో వైరు విడిపోతోందేమో అని వదిన హెయిర్ డ్రయర్ తెప్పించి డ్రైవ్ నుంచి మోటారు దాకా కేబుల్ పొడుగునా వేడిగాలి కొట్టాను. ఎర్ర లైటు పోయింది! దొరికింది దొంగ అని ఎగిరి గంతేశాను. కొత్త కేబుల్ తెప్పించాం. పాత కేబుల్ అన్న మోటారు దగ్గర విప్పాడు, కొత్తది ఆయనే బిగించాడు. నేను ప్యానెల్ దగ్గర ఉన్నాను. రెండ్రోజులు హాయిగా నడిచింది. శుక్రవారం పొద్దున మళ్లీ మొదటికొచ్చింది.

"దిష్టి నాయనా," అంది పెద్దమ్మ. "నలుగురి కళ్లూ దీని మీదే ఉన్నాయి." ఆవిడ పూజ ఇంకాస్త పెరిగింది. మొదట్లో రెండు చుక్కలు చల్లేది కాస్తా, తర్వాత చెంబుడు పసుపు నీళ్లు కలిపి తెచ్చేది.

మొదటి శాంపిల్ లాటు చెడింది. కంపెనీవాళ్లు మంచివాళ్లే, ఇంకోసారి చూస్తామన్నారు. ఈసారి వాళ్ల మనిషి వచ్చి దగ్గరుండి చూస్తాడన్నారు. ఆ రోజు పెద్దమ్మ ఉపవాసం. నేను వెళ్లేసరికి లేత్ ముందు కొబ్బరిచిప్పలు, పూలు, చాలా పెద్ద పూజే చేసింది. కంపెనీ మనిషి, ఒక తెల్లాయన, వచ్చి గాగుల్స్ పెట్టుకుని నిలబడ్డాడు. నాలుగు పీసులు అద్దంలా వచ్చాయి. అన్న నా భుజం నొక్కాడు. ఐదో పీసు మధ్యలో ఉండగా ఎర్ర లైటు. టూల్ పీసులోకి దిగబడిపోయి, పీసు దాన్ని పట్టుకునే చక్ లోంచి ఊడి మెషీన్ తలుపుకి కొట్టుకుంది. షెడ్డంతా మోగింది. ఆయన గాగుల్స్ తీసి బల్ల మీద పెట్టి, థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఈమెయిల్ వచ్చింది, ఆర్డరు వేరే షాపుకి ఇస్తున్నామని. అన్న దాన్ని చదివి ఫోన్ జేబులో పెట్టుకుని, నేల ఊడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పిల్లకి స్కూలు లేదు. పెందలాడే షెడ్డుకి వెళ్లాను, ఇంక వెళ్లి చేసేదేమీ లేకపోయినా. పెద్దమ్మ పూజలో ఉంది. చెప్పులు విప్పి ఒక పక్కన నిలబడ్డాను. తమలపాకు పసుపు నీళ్లలో ముంచి మెషీన్ మీద చల్లుతోంది. చివర్లో స్టూలు ఎక్కి, చెంబు ఎత్తి, పైనున్న మోటారు మీద ధారగా పోసింది. ఎక్స్ మోటారు. అది దానికి తల అనుకుందో ఏమో, మనిషికి తల మీద అక్షింతలు వేసినంత ప్రేమగా పోసింది.

ఆ ధార ఎటు పోతోందో చూశాను.

ఆవిడ అగరొత్తులు వెలిగించుకోవడానికి అటు వెళ్లగానే మెయిన్ ఆపి, స్టూలెక్కి చూశాను. కేబుల్ తగిలించే కనెక్టర్ నేల వైపు చూస్తూ ఉండాలి. కింద ఇరుగ్గా ఉందని అన్న మోటారుని తిప్పి బిగించాడు, అది ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. విప్పితే లోపల పచ్చటి నీళ్లు, అడుగున కుంకుమ బురద, పిన్నులన్నీ చిలుం పట్టి ఉన్నాయి. పొద్దున తడి, మధ్యాహ్నానికి ఆరిపోవడం. హెయిర్ డ్రయర్ ఆరబెట్టింది కూడా ఆ నీళ్లనే. ఆ పసుపు మరకలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఇంకెవడైనా టెక్నీషియన్ అయితే వచ్చీ రాగానే ఈ పసుపుపచ్చ ఏంటని అడిగేవాడు. గడపకి పసుపు చూస్తూ పెరిగినవాళ్లం, మాకెందుకు తడుతుంది?

అన్నని బయటికి తీసుకెళ్లి చెప్పాను. "పెద్దమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం," అన్నాను.

"ఏమని చెప్పమంటావు? నీ పూజే నా పొట్ట కొట్టిందనా? చచ్చిపోతుందిరా ఆవిడ. నోరు మూసుకో."

మూసుకున్నాను. కనెక్టర్ మార్చి, మోటారు తిప్పి, రబ్బరు సీలు వేశాను. ఆ సాయంత్రం అన్న వాళ్లమ్మతో, "షెడ్డులో నూనె పొగకి నీకు దగ్గొస్తోందమ్మా, రేపట్నుంచి ఇంట్లోనే ఉండు," అన్నాడు. ఆవిడ తలూపింది.

ఆ తర్వాత లేత్ ఒక్క పూట కూడా ఆగలేదు. కోయడానికి పని లేదు, అమ్మకానికి పెట్టేశాం గానీ, కొనేవాళ్లకి చూపించడం కోసం రోజూ నడిపేవాళ్లం. పెద్దమ్మ ప్రతి సాయంత్రం గుమ్మంలోనే అడిగేదట, ఇవాళ ఆగిందా నాన్నా అని. "లేదమ్మా, ఒక్కసారి కూడా ఆగలేదు," అని అన్న చెప్పేవాడట, ఆవిడ సంతోషిస్తుందని.

టెక్సస్ నుంచి ఎవరో కొన్నారు. లోడింగ్ రోజున భోజనం క్యారేజీ తెస్తూ పెద్దమ్మని కూడా నా కార్‌లో తీసుకొచ్చాను. లేత్‌ని లారీ మీద కట్టేశారు. "రండి పెద్దమ్మా, ఒకసారి చూద్దురు గాని," అని డోర్ తీశాను. ఆవిడ కదల్లేదు.

"నేను రాను నాయనా. వేరే వాళ్లింటికి పోతోంది. వాళ్లకైనా కలిసి రానీ."

"అదేంటి పెద్దమ్మా?"

"ముందే చెప్పాను మీకు, ఇది నా చేతుల మీదుగా వద్దని. మీరు వినలేదు. నన్ను రావద్దన్నాక ఒక్కరోజైనా ఆగిందా?"

అన్న ఏమనుకుంటే అనుకోనీ అని చెప్పేశాను: నీళ్లు పెద్దమ్మా, వట్టి నీళ్లు, మోటారు లోపలికి పోయాయి, మీరు కాదు, ఎవరు పోసినా అంతే అయ్యేది. పెదనాన్నగారు ఉండగా మీరు పోసినా ఆగేదే. అంతా విన్నది. నా చెంప నిమిరింది.

"ఎంత మంచివాడివి నాయనా. నా మనసు కష్టపెట్టకుండా ఎంత చక్కగా చెప్తున్నావు!"

లారీ స్టార్ట్ అయింది. అది గేటు దాటాలంటే మా కారు ముందు నుంచే వెళ్లాలి. ఆవిడ గబగబా దిగి, షెడ్డు వెనక్కి వెళ్లి, కొంగు తల మీదకి లాక్కుని గోడ వైపు తిరిగి నిలబడింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. లారీ చప్పుడు రోడ్డు మీద కలిసిపోయేదాకా ఇటు తిరగలేదు.

"వెళ్లిపోయిందా నాయనా?" అంది.

"వెళ్లిపోయింది పెద్దమ్మా."

"హమ్మయ్య. ఎదురు పడలేదు," అంది.